నిలిపిన కెమెరా, తిప్పే కెమెరా: రైలు వీడియోకు ఏది మేలు?

రైళ్ల వీడియోలు తీసేవారిలో కొందరు ట్రైపాడ్‌పై కెమెరాను కదలకుండా నిలిపి బండిని ఫ్రేములోకి రానిస్తారు. మరికొందరు కెమెరాను తిప్పుతూ ఇంజన్‌ను వెంబడిస్తారు. గంటకు 108 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 30 మీటర్లు కనుక, 600 మీటర్ల బండి ఒక స్తంభాన్ని 20 సెకన్లలో దాటిపోతుంది. ఆ వేగం కదలని నేపథ్యం ఎదుటనే కంటికి బాగా ఆనుతుంది. శబ్దం విషయంలోనూ నిలిపిన కెమెరాదే పైచేయి: చేతి కదలికల చప్పుడు చేరకపోవడంతో, డాప్లర్ ప్రభావం (శబ్దం చేసేది దగ్గరకు వస్తుంటే స్వరం హెచ్చుగా, దూరమవుతుంటే తగ్గుగా వినిపించడం) వల్ల బండి దాటగానే హారన్ శ్రుతి దిగిపోవడం, ఆపై పట్టాల అతుకులపై చక్రాలు వేసే తాళం స్పష్టంగా వినిపిస్తాయి. (వీటిపై సినిమా సంగీతం కప్పేవారి ఉద్దేశం నాకు బోధపడదు.)

తిప్పే కెమెరాకు ఉన్న బలం వివరం. ఇంజన్ నంబరును చదివే వీలు కలుగుతుంది. నిలిపిన కెమెరా ముందు అడ్డంగా దూసుకుపోయే పెట్టెల కిటికీలు రోలింగ్ షట్టర్ (కెమెరా చిత్రాన్ని ఒక్కసారిగా కాక వరుస తర్వాత వరుసగా నమోదు చేయడం) వల్ల ఏటవాలుగా కనిపించే లోపమూ ఇందులో తగ్గుతుంది. అయితే ఇంజన్ పోగానే రికార్డింగ్ ఆపే అలవాటు ఈ పద్ధతిలోనే ఎక్కువ. చివరి పెట్టె దాటేవరకూ చూపని వీడియో, ఎంత స్పష్టంగా ఉన్నా, నా దృష్టిలో అసంపూర్ణమే.