డ్రై ఫాల్స్ చెంత మూడు రాత్రులు: గుడారమా, క్యాబినా, మోటెలా?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు సాధారణంగా సముద్రతీరానికో, మౌంట్ రెయినియర్‌కో తీసుకువెళ్తారు. మేమూ మొదట అదే చేశాము. అయితే మా నాన్నగారు కొవ్వూరు దగ్గర గోదావరి గట్టు మీద పుట్టి పెరిగినవారు, 1986 ఆగస్టు వరదను కళ్ళారా చూసినవారు. అందుకే ఆయనకు వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగంలో ఉన్న సన్ లేక్స్ - డ్రై ఫాల్స్ స్టేట్ పార్కు చూపించాలని నాకు చాలాకాలంగా కోరిక. డ్రై ఫాల్స్ అంటే ఎండిన జలపాతం; ఒక మహావరద వెళ్ళిపోయాక మిగిల్చిన నేల అది. గత సెప్టెంబరులో ఆరుగురం, అంటే అమ్మానాన్నలు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, అక్కడ మూడు రాత్రులు ఉండి వచ్చాము. అంతకు రెండేళ్ళ ముందు మేము నలుగురమే వెళ్ళి దగ్గరి ఊళ్ళో మోటెల్‌లో దిగాము కాబట్టి, మూడు రకాల బసలనూ పోల్చి చెప్పగలను.

సియాటిల్ నుంచి కారులో మూడు, మూడున్నర గంటల ప్రయాణం. ఐ-90 మీద కొండలు దాటి, వాంటేజ్ దగ్గర కొలంబియా నది వంతెన దాటి, ఎఫ్రాటా, సోప్ లేక్ ఊళ్ళ మీదుగా 17వ నంబరు రోడ్డు పట్టుకుంటే, ఇక అక్కడినుంచి పార్కు వరకు ఒక పక్క నల్లరాతి గోడ, మరో పక్క వరుసగా చెరువులు. ఈ లోయలను అక్కడ ‘కూలీ’ అంటారు; ప్రవహించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటనుంచి వచ్చింది, మన కూలీ అనే మాటతో దానికి సంబంధం లేదు. స్టీవెన్స్ పాస్ మీదుగా రెండో నంబరు హైవేలో కూడా వెళ్ళవచ్చు గాని, మొదటిసారి వెళ్ళేవారు సోప్ లేక్ దారినే రావాలని నా సలహా. వరద కోసుకుంటూ పైకి ఎక్కిన లోయలోనే మనమూ పైకి వెళ్తాము కనుక, చివర జలపాతం అంచు చేరేసరికి ఇక్కడ ఏం జరిగిందో సగం అర్థమై ఉంటుంది.

రోడ్డు పక్కనే ఉన్న వ్యూపాయింట్ నుంచి చూస్తే డ్రై ఫాల్స్ ఎత్తు 400 అడుగులు, వెడల్పు మూడున్నర మైళ్ళు. నయాగరా ఎత్తుకు ఇది రెండింతలకు మించి ఉంటుంది. పైనుంచి చుక్క నీరు పడదు, అడుగున మాత్రం పచ్చని రెల్లు అంచులతో చిన్న చెరువులు. మంచుయుగం చివర, సుమారు పదిహేను వేల ఏళ్ళ కిందట, ఉత్తర ఇడాహోలో క్లార్క్ ఫోర్క్ నదికి హిమానీనదం అడ్డుపడింది. దాని వెనక పడమటి మోంటానా లోయలు నిండి మిసూలా అనే సరస్సు ఏర్పడింది. మంచుకట్ట దగ్గర ఆ సరస్సు లోతు రెండు వేల అడుగులు. కట్ట తెగినప్పుడల్లా నీరంతా రోజుల వ్యవధిలో వాషింగ్టన్ మీద పడేది. మంచు మళ్ళీ అడ్డుపడేది, సరస్సు మళ్ళీ నిండేది, మళ్ళీ తెగేది. ఇలా కొన్ని డజన్లసార్లు జరిగింది. మరోవైపు ఇంకొక హిమానీనదం కొలంబియా నది సహజమార్గాన్ని మూసివేయడంతో వరదనీరు గ్రాండ్ కూలీ అనే ఈ లోయలోకి మళ్ళింది.

ఈ సంగతి నాన్నగారికి చెప్పడానికి నాకు మైళ్ళు, ఘనపు మీటర్లు పనికిరాలేదు, క్యూసెక్కుల్లో చెప్పవలసి వచ్చింది. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ నీటిలో మునిగింది. మిసూలా సరస్సు తెగినప్పుడు ప్రవాహం 35 కోట్ల క్యూసెక్కులకు మించి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఆయన రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నూరు ధవళేశ్వరాలురా,” అన్నారు.

అక్కడి విజిటర్ సెంటర్ చిన్నదే అయినా విలువైనది. జె హార్లన్ బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ నేలంతా కాలినడకన తిరిగి, ఇది నెమ్మదిగా పారిన నదులు చెక్కినది కాదు, ఒక మహావరద చెక్కినదని 1923 నుంచి రాస్తూ వచ్చాడు. 1927లో వాషింగ్టన్ నగరంలో జరిగిన సభలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఆయన వాదాన్ని కొట్టిపారేశారు. అంత నీరు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు అప్పుడు ఆయన దగ్గర జవాబు లేదు. మోంటానాలో జోసెఫ్ పార్డీ అనే మరో భూగర్భ శాస్త్రజ్ఞుడు మిసూలా సరస్సు అడుగున కనుగొన్న రాక్షస ప్రమాణపు అలల గుర్తులు ఆ జవాబు ఇచ్చాయి. 1979లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో, బ్రెట్జ్‌కు భూగర్భ శాస్త్రంలో గొప్ప గౌరవమైన పెన్‌రోజ్ పతకం దక్కింది. పిల్లలు ఉన్నవాళ్ళు ఈ కథను అంచు మీద నిలబడి చెప్పాలి, కారులో చెబితే వాళ్ళు వినరు.

చాలామంది ఇక్కడ పది నిమిషాలు ఆగి, ఫోటో తీసుకుని గ్రాండ్ కూలీ డ్యామ్ వైపు వెళ్ళిపోతారు. రెండేళ్ళ కిందట మేమూ అలాగే వెళ్ళాము. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికే ఈసారి పార్కు లోపల బస చేశాము. డ్రై ఫాల్స్ అసలు స్వరూపం తెలియాలంటే కిందికి దిగి, అడుగున నడవాలి. అమటిల్లా రాక్ అనే పెద్ద రాతిగట్టు చుట్టూ అయిదు మైళ్ళ కాలిబాట ఉంది. మేము ఉదయం ఆరున్నరకు బయలుదేరాము. అమ్మ క్యాంపు దగ్గరే ఉండిపోయింది, నాన్నగారు మాత్రం సగం దూరం వచ్చారు. సేజ్‌బ్రష్ పొదల ఘాటైన వాసన, రాళ్ళ మీద మార్మాట్ అనే పెద్ద ఉడుతజాతి జంతువుల ఈల, మనకు మూడు వైపులా నిలువుగా లేచిన రాతిగోడలు. ఆ గోడలను దగ్గరగా చూస్తే ఆరు పలకల స్తంభాలను పక్కపక్కనే కట్టగట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. లావా చల్లారేటప్పుడు పగిలిన బసాల్ట్ అది. వరద ఆ పగుళ్ళలో దూరి, స్తంభాలను ఒక్కొక్కటిగా ఊడబెరికింది. దిగువన సోప్ లేక్ దగ్గర మొదలైన జలపాతం అలా వెనక్కి కోసుకుంటూ ఇక్కడికి వచ్చి ఆగింది. ఒక స్తంభం మొదట్లో రాలిపడిన ముక్కను నాన్నగారు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, “ఇది మన పంగిడి రాయే,” అన్నారు. పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి కూడా లావా రాయే, అయితే ఇక్కడిదానికన్నా నాలుగు రెట్లు పాతది. రాయిని ఎక్కడిది అక్కడే పెట్టి వచ్చాము.

ఇక బస సంగతి. క్యాంపు సైట్లు పార్క్ లేక్ ఒడ్డున, చెట్ల నీడతో, చదునైన పచ్చికతో ఉంటాయి. తొమ్మిది నెలల ముందునుంచి రిజర్వు చేసుకోవచ్చు. వేసవి వారాంతాలకు అంత ముందుగానే పూనుకోవడం మంచిది. ఒక సైటులో ఎనిమిది మంది వరకు ఉండవచ్చు కాబట్టి మన కుటుంబాలకు సరిపోతుంది. మంచినీటి కుళాయిలు, వేడినీటి స్నానపు గదులు ఉన్నాయి. అవి శుభ్రంగానే ఉన్నాయి గాని, మా సైటునుంచి రాత్రిపూట పెద్దవాళ్ళు నడవడానికి కొంచెం దూరం. క్యాంపింగ్ రుసుము కట్టినవారికి ఆ పార్కులో విడిగా డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల్లో కారుకు తీసుకునే అనుమతి చీటీ) అక్కర్లేదు, పగటిపూట చూసి వెళ్ళేవారికి మాత్రం రోజుకు పది డాలర్లు.

మొదటి రాత్రి ఆరుగురం గుడారంలోనే పడుకున్నాము. పది దాటాక కూలీ పై భాగంనుంచి గాలి దిగింది. మా ఊళ్ళో ఒక దుకాణంలో అద్దెకు తెచ్చిన పెద్ద గుడారానికి ఇచ్చిన మేకులు సన్నవి, పొట్టివి. మూడు ఊడిపోయాయి, నాలుగోది వంగిపోయింది. పక్క సైటులో ఉన్న ఒక పెద్దాయన లాంతరు పట్టుకుని వచ్చి, తన దగ్గరున్న అడుగు పొడవు ఇనుప మేకులు ఇచ్చి, తానే దిగగొట్టాడు. గుడారం నిలిచింది గాని, అమ్మకు నిద్ర పట్టలేదు. అందుచేత మరుసటి రోజు పార్కు లోపలే ఉన్న రిసార్టులో ఒక క్యాబిన్ ఖాళీగా ఉంటే అమ్మానాన్నలకు అది తీసుకున్నాము. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు దాటిన వారం కాబట్టి దొరికింది; జూలైలో అయితే ఆ ఆశ పెట్టుకోకూడదు. మంచాలు, వంటగట్టు, గదిలోనే స్నానపు గది, కిటికీలోంచి చెరువు. గుడారం సైటుకన్నా ఖర్చు చాలా ఎక్కువే. అయినా అరవై దాటినవాళ్ళు వెంట ఉంటే ఆ ఖర్చు పెట్టవలసిందే.

మునుపటి మోటెల్ బసతో పోలిస్తే మాత్రం రెండూ మేలు. మోటెల్‌లో పరుపులు బాగున్నాయి. కాని మేము బుక్ చేసిన గదికి బదులు హైవే వైపు గది ఇచ్చారు, రాత్రంతా ట్రక్కుల చప్పుడు. అంతకన్నా పెద్ద నష్టం, పొద్దున్నే వెలుగు గోడల మీద పడే సమయానికి మేము పార్కులో లేకపోవడం. సూర్యుడు లేచిన మొదటి అరగంటలో నల్లరాయి తేనెరంగుకు మారి, మళ్ళీ నల్లబడుతుంది. దాన్ని గుడారం తలుపు తీసి చూడాలి.

వంట విషయంలో రెండు మాటలు. వేసవిలో మంటలపై తరచూ నిషేధం ఉంటుంది, అందుకని గ్యాస్ స్టవ్ తప్పనిసరి. పార్కుకు దగ్గరలోని కూలీ సిటీ చాలా చిన్న ఊరు. కూరగాయలు, పాలు మోజెస్ లేక్ ఊళ్ళోనో ఎఫ్రాటాలోనో కొనుక్కోవాలి, మన సరుకులన్నీ ఇంటినుంచే తెచ్చుకోవాలి. మొదటి రోజుకు పులిహోర కలిపి తెచ్చాము, తరువాత ఉప్మా, చారన్నం. పొదల్లో రక్తపింజరిలాంటి విషపాములు, అక్కడ రాటిల్‌స్నేక్ అంటారు, ఉంటాయి కాబట్టి పిల్లలకు బూట్లు వేసి, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టవద్దని చెప్పాలి. జూలై, ఆగస్టు నెలల్లో ఎండ 38 డిగ్రీలకు చేరుతుంది. నడక ఇష్టమున్నవారికి మే, సెప్టెంబరు నెలలే అనువైనవి.

చుట్టుపక్కల వాటిలో లేక్ లెనోర్ గుహలకు ఒక గంట కేటాయించండి. అవీ వరద ఊడబెరికిన చోట్లే, పూర్వం ఆదివాసులు వాటిలో తలదాచుకునేవారు. సోప్ లేక్ చెరువులో అమ్మ పాదాలు కడుక్కుని, కుంకుడురసంలా జారుతోందని ఆశ్చర్యపోయింది. ఖనిజాలున్న క్షారజలం అది. 550 అడుగుల ఎత్తైన గ్రాండ్ కూలీ డ్యామ్ గొప్పదే. కాని రాత్రి లేజర్ ప్రదర్శన కోసం పిల్లలను చీకట్లో కారులో తిప్పడంకన్నా, పగటిపూట వెళ్ళి కొలంబియా నీటిని పైనున్న బ్యాంక్స్ లేక్‌లోకి ఎత్తిపోసే పంపుల గురించి తెలుసుకోవడం నయం. పట్టిసీమ ఎత్తిపోతలను చూసిన నాన్నగారికి ఆ గొట్టాల దగ్గర కాలం తెలియలేదు.

ఆఖరి ఉదయం పార్కు లోపలి రోడ్డు చివరనున్న డీప్ లేక్‌లో, అద్దెకు తీసుకున్న కయాక్‌లో పెద్దవాడితో కలిసి అవతలి కొస వరకు వెళ్ళాను. ఇరువైపులా గోడలు, అలలు లేని ఆకుపచ్చని నీరు, తెడ్డు వేసిన చప్పుడు గోడకు తగిలి తిరిగి వస్తోంది. తిరుగు ప్రయాణంలో నాన్నగారు మళ్ళీ ఒకసారి పైన అంచు దగ్గర కారు ఆపమన్నారు. ముందురోజు తాను నడిచిన బాటను పైనుంచి వేలితో చూపిస్తూ, నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు తిరిగి ఉంటాయో అమ్మకు వివరించారు. ఆ పార్కింగులోనే ఫోనులో వచ్చే మే నెలకు రెండు రాత్రులు బుక్ చేశాను, ఈసారి చెరువుకు దగ్గరగా, స్నానపు గదుల వైపున.