మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్ కొనేవాళ్లు జాగ్రత్త: రెండో గేమ్‌లో తుపాకుల లెక్కే మారిపోతుంది

మాస్ ఎఫెక్ట్ అనే సైన్స్ ఫిక్షన్ షూటింగ్ గేములు మూడూ కలిపి అమ్మే ప్యాకే లెజెండరీ ఎడిషన్. మూడు గేములూ ఒకే లోకం, ఒకే పద్ధతి అనుకుని దాన్ని కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. కథ మీద ఫిర్యాదేమీ లేదు, కథ గొప్పగా ఉంటుంది. పేచీ అంతా తుపాకుల దగ్గరే.

మొదటి గేమ్ (2007)లో బుల్లెట్లు అయిపోవడమనేదే లేదు. తుపాకీ లోపల లోహపు దిమ్మ ఒకటుంటుంది. ప్రతి షాట్‌కీ దాన్నుంచి ఇసుక రేణువంత ముక్క తెగి దూసుకుపోతుందని కోడెక్స్ (గేమ్‌లోని విజ్ఞాన సర్వస్వం) వివరంగా చెబుతుంది. అడ్డు వచ్చేది వేడి ఒక్కటే. వేడి చూపే బార్ నిండకముందే ట్రిగ్గర్ వదిలితే చల్లబడుతుంది, నిండిందంటే తుపాకీ కాసేపు మొరాయిస్తుంది. చివరికొచ్చేసరికి స్పెక్టర్ రైఫిల్‌కి వేడి తగ్గించే ఫ్రిక్షన్‌లెస్ మెటీరియల్స్ అనే అప్‌గ్రేడ్‌లు పెద్ద లెవెల్‌వి రెండు తగిలిస్తే దాదాపు ఆపకుండా కాల్చొచ్చు. చదివిన లోర్‌కీ (ఆ లోకపు వివరాలకీ) చేతిలో ఆడే ఆటకీ ఇంత చక్కగా పొత్తు కుదరడం అరుదు.

రెండో గేమ్ (2010)లో దీన్ని తీసేసి థర్మల్ క్లిప్పులు పెట్టారు. గెత్‌లనే యంత్రజాతిని చూసి అన్ని సైన్యాలూ నేర్చుకున్నాయని, వేడెక్కిన క్లిప్ తీసి కొత్తది పెడితే చల్లబడేదాకా ఆగక్కర్లేదని వివరణ. వినడానికి సబబుగానే ఉంది. మరి క్లిప్పులు అయిపోతే పాత తుపాకీలా కాసేపు ఆగి కాల్చొచ్చు కదా? కుదరదు. ఎంతసేపు ఆగినా పేలదు. పేరుకే హీట్ సింక్ (వేడి పీల్చే భాగం), పని మాత్రం మామూలు మ్యాగజైన్‌దే. స్నైపర్ తుపాకీ మీద ఆధారపడే ఇన్‌ఫిల్ట్రేటర్ పాత్రగా ఆడేవాళ్లకు ఇది బాగా తగులుతుంది: మాంటిస్ స్నైపర్ ఒక్క షాట్‌కే క్లిప్ మింగేస్తుంది. కింద దొరికే క్లిప్ అన్ని తుపాకులకూ ఒకటే అయినా, స్నైపర్ ఖాళీ అయ్యాక ఎస్‌ఎంజీ (చిన్న మెషిన్ గన్)కి మిగిలినవి దానికి పనికిరావు. పక్కనున్న స్క్వాడ్‌వాళ్లకు మాత్రం ఎప్పటికీ అయిపోవు.

కథలో కూడా అతకలేదు. రెండేళ్లు చచ్చిపడి ఉన్న షెపర్డ్ (మనం ఆడే హీరో) లేచీ లేవగానే పిస్టల్ తీసి, ఇందులో థర్మల్ క్లిప్ లేదంటాడు. ఆ మాట అతనికెవరు చెప్పారు? స్క్వాడ్‌లోని జేకబ్ కోసం చేసే మిషన్ ఇంకా ఘోరం. పదేళ్ల కిందట కూలి, బయటి లోకంతో సంబంధం తెగిపోయిన ఓడ చుట్టూ కూడా క్లిప్పులు పడి ఉంటాయి.

అసలు చిక్కు రీఫండ్‌తో. స్టీమ్ (పీసీ గేముల ఆన్‌లైన్ స్టోర్)లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటేనే డబ్బు వెనక్కి అడగగలం. మొదటి గేమ్ పూర్తిచేసి రెండోదానికి వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అందుకని వరసగా ఆడకండి. లాంచర్‌లో మూడు గేములూ విడివిడిగా కనిపిస్తాయి. ముందు రెండోది తెరిచి, ముఖం మలచడం మీద టైమ్ పోనివ్వకుండా రెడీమేడ్ షెపర్డ్‌ని తీసుకుని, మొదట్లో వచ్చే స్టేషన్ మిషన్ దాటి, దాని తర్వాతి మిషన్ ఫ్రీడమ్స్ ప్రోగ్రెస్‌లో కాసేపు కాల్చి చూడండి. ఆ తుపాకులు నచ్చకపోతే అప్పుడే రీఫండ్ పెట్టేయండి. మొదట్లో కొంత కథ బయటపడుతుంది, తప్పదు.

మూడోదాంట్లోనూ క్లిప్పులే. పైగా బరువైన తుపాకులు మోస్తే పవర్లు (షెపర్డ్ ప్రత్యేక శక్తులు) నెమ్మదిగా రీచార్జ్ అవుతాయి. సిటడెల్ అనే డీఎల్‌సీ (అదనపు కథా భాగం)లో వచ్చే ఎం-7 లాన్సర్ మాత్రం పాత పద్ధతిలోనే వేడెక్కి చల్లబడుతుంది, ఆ డీఎల్‌సీ ఈ ఎడిషన్‌లోనే ఉంది. మూడో గేమ్ మల్టీప్లేయర్ కోసం కొనేవాళ్లు ఆగండి, అది ఇందులో లేదు.