మొదటి కొరింథీ ఆరో అధ్యాయం: ఏ అర్థం పట్టుకోవాలి?

"అన్నా, మగోళ్లు మగోళ్లు కలిసి ఉండుడు గురించి బైబిల్ ఏమంటది? ఒక్క మాటల చెప్పు." ఈ మెసేజ్ నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద, అలాంటి సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చినప్పుడు మొదలైంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు లేదన్నప్పుడు ఇంకా పెరిగింది. అదే ఏడాది డిసెంబరులో వాటికన్, అలాంటి జంటలకు పెళ్లి కాదుగానీ ఆశీర్వాదం ఇవ్వొచ్చంది. ఇక నల్లగొండ కాథలిక్ మిత్రులు కూడా మొదలుపెట్టారు. ఒక్క మాటలో తేలేదైతే ప్రపంచంలో ఇన్ని చర్చీలు దీని మీద చీలిపోయేవి కావు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా. ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తా.

నేను ఎంబీ చర్చిలో పెరిగినవాణ్ని. దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, ఎటు పోయినా మా మెన్నొనైట్ బ్రెదరన్ చర్చీలు కనిపిస్తాయి. మేం అక్షరానికి విలువిచ్చేవాళ్లం. కాబట్టి అక్షరం దగ్గర్నుంచే మొదలుపెడతా.

మా యూత్ మీటింగ్‌లో తలా ఒక వచనం చదువుతాం. పోయిన చలికాలం మొదటి కొరింథీ ఆరో అధ్యాయం వచ్చింది, అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రిక. దేవుని రాజ్యానికి వారసులు కాలేనివాళ్ల పట్టిక మొదలయ్యే తొమ్మిదో వచనం వంతు తబలా వాయించే పిల్లగానిది. గొంతు సన్నం, నడక మెత్తన. ఊళ్లో వాణ్ని వెనక నుంచి ఏమని పిలుస్తరో అందరికీ తెలుసు. "జారులైనను విగ్రహారాధకులైనను వ్యభిచారులైనను" దాకా గడగడా చదివి ఆగాడు. తర్వాతి మాట "ఆడంగితనము గలవారైనను". వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. వీడు గుటక మింగి ఆ మాటా చదివాడు, "పురుష సంయోగులైనను" కూడా చదివి వచనం ముగించాడు. బైబిల్ మూశాడుగానీ వేలు ఆ పేజీలోనే ఉండిపోయింది. వాడి మనసులో ఏముందో నాకు తెలియదు, అడగను కూడా.

ఇంటికొచ్చి ఆ రెండు మాటల వెంట పడ్డాను. పౌలు రాసిన గ్రీకులో మొదటిదానికి ఉన్నది 'మలకోయి'. మెత్తనివారు అని. ఇదే మాట మత్తయి 11:8లో బట్టలకు వాడితే మన తెలుగు బైబిల్ "సన్నపు బట్టలు" అంది. అక్కడ సన్నపు బట్టలు, ఇక్కడ ఆడంగితనం! విలాసాలు మరిగినవాడు అన్న అర్థం కూడా ఆ మాటకుంది. ఏ అర్థం తీసుకున్నా, సన్నగొంతు పిల్లగానికీ దానికీ సంబంధం లేదు. రెండోది 'ఆర్సెనొకొయితాయ్'. పౌలుకు ముందు ఈ మాట ఎవరూ వాడినట్టు కనబడదు. ఆర్‌ఎస్‌వి అనే ఇంగ్లిషు తర్జుమా 1946లో రెండు మాటల్నీ కలిపేసి 'హోమోసెక్సువల్స్' అని పెట్టింది, 1971లో మార్చుకుంది. మన తెలుగువాళ్లు రెంటినీ విడివిడిగానే ఉంచారు, అది నయం.

సరే, ఇక అర్థాల సంగతి. మన అయ్యగార్లు, అంటే పాస్టర్లు, చెప్పే పాత అర్థం అందరికీ తెలిసిందే: మగవాళ్లు మగవాళ్లతో కలవడం ఎప్పుడైనా పాపమే అని. దాన్ని మళ్లీ వివరించను. దాని బలమెక్కడుందో మాత్రం చెప్పాలి, ఎందుకంటే కొత్త అర్థం చెప్పేవాళ్లు దాన్ని తేలిగ్గా కొట్టిపడేస్తుంటారు. ఆ 'ఆర్సెనొకొయితాయ్' ఆకాశం నుంచి ఊడిపడలేదు. పురుషుడు పురుషునితో శయనించకూడదనే ధర్మశాస్త్ర వచనం, లేవీయకాండం 20:13, దాని గ్రీకు తర్జుమాలో 'ఆర్సెనోస్' (పురుషుని), 'కొయితేన్' (శయనము) పక్కపక్కనే ఉన్నాయి. పౌలు ఆ రెంటినీ అతికించి మాట చేశాడనడానికి ఇది గట్టి ఆధారం. అంటే ఆయన మనసులో ధర్మశాస్త్రమే ఉంది. రోమా 1:27లో "ఒకరియెడల ఒకరు కామతప్తులైరి" అంటాడు. ఒకరి యెడల ఒకరు అన్నాక, ఇది బలవంతం గురించే అనడం కష్టం. దేవుడు నాశనం చేసిన సొదొమ పట్టణం కథను మాత్రం ఈ వాదంలోకి తేకపోతేనే మంచిది. అక్కడ జరగబోయింది గుంపు అత్యాచారం. యెహెజ్కేలు 16:49 అయితే సొదొమ దోషం గర్వమనీ, తిండి సమృద్ధిగా ఉండి బీదలకు పెట్టకపోవడమనీ తేల్చి చెప్పేసింది.

రెండోది, సందర్భం చూడమనే అర్థం. 1980లో అమెరికా చరిత్రకారుడు జాన్ బాస్వెల్ రాసినప్పటి నుంచి ఇది బాగా వ్యాపించింది. పౌలు తిట్టింది యజమానులు బానిసలతో, పెద్దలు పిల్లలతో చేసినవాటినీ, గుళ్లలో జరిగినవాటినీ అంటారు. నేటి నమ్మకమైన జంటలు ఆయన ఊహలోనే లేరంటారు. పాలమూరులో ఈ గుడి వాదం చెబితే జనం టక్కున తలాడిస్తారు, గుడికి అంకితం చేసిన జోగినుల బాధ చూసిన నేల కదా. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. కానీ మనకు తెలిసిన సంగతి కొరింథులోనూ జరిగి ఉంటుందనుకోవడం ఆధారం కాదు. పౌలు కాలపు కొరింథు గుళ్లలో అలాంటిది నడిచిందనడానికి రుజువులు బలహీనం. రోమా 1:26లో స్త్రీలు కూడా ఉన్నారు, వాళ్లను ఈ వాదం ఏం చేస్తుంది? నా వరకు ఇది సగం దూరమే తీసుకెళ్తుంది.

ఒంటరిగా ఉండిపొమ్మనే మధ్యేమార్గం ఒకటుంది. ఆకర్షణ పాపం కాదు, క్రియ పాపం అన్నది. కాథలిక్కులకు మఠాలున్నాయి, వాళ్లకు నప్పుతుందేమో. మా దగ్గర ఇరవై ఆరు దాటిన పిల్లగాన్ని ఒంటరిగా ఎవరు ఉండనిస్తారు? "పెండ్లయితే అన్నీ సర్దుకుంటయ్" అని పిల్లను చూస్తారు. ఆ పిల్ల బతుకు గురించి ఏ కీర్తనలోనూ ఉండదు. ప్రార్థనతో మార్చేస్తామనేవాళ్ల గురించి ఒక్క ముక్క చాలు: అమెరికాలో ఆ పని చేసిన పెద్ద సంస్థ ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో క్షమాపణ చెప్పి మూసుకుంది.

నాకు తూగినది ఇంకొకటి. బైబిల్ తాను వేసిన గడియ తానే తీసిన చోట్లు ఉన్నాయా అని వెతికి చదవడం. ద్వితీయోపదేశకాండం 23:1 ప్రకారం మర్మాంగం కోయబడినవాడు యెహోవా సమాజంలో చేరకూడదు. అందులో అస్పష్టత ఏమీ లేదు. యెషయా 56కు వచ్చేసరికి అదే దేవుడు విశ్రాంతిదినాన్ని ఆచరించే నపుంసకులకు తన యింట "కొడుకులు కూతుళ్లు అని యనిపించుకొనుటకంటె శ్రేష్ఠమైన పేరు" ఇస్తానన్నాడు. తర్వాత అపొస్తలుల కార్యములు 8. ఐతియొపీయ నపుంసకుడు రథంలో కూర్చుని చదువుతున్నది ఆ యెషయానే, 53వ అధ్యాయం. ఇంకో మూడు అధ్యాయాలు పోతే తన సంగతే వస్తుంది. నీళ్లు కనబడగానే బాప్తిస్మానికి "ఆటంకమేమి?" అని అడుగుతాడు. అతనికి సువార్త చెప్పిన ఫిలిప్పు, ధర్మశాస్త్రం తెలిసినవాడు, "23:1" అనొచ్చు. అనలేదు, నీళ్లలోకి దిగాడు.

మా తాతల తరంలో చర్చిలోకి వచ్చినవాళ్లు ఎక్కువమంది మాదిగలు, మాలలు. అంతకుముందు వాళ్లు ఏ గుడి మెట్టెక్కినా ఆటంకమేమిటో ఎవరూ అడగనవసరం లేకపోయింది, ఊరంతా చెప్పేది. ఈ కథ చదివినప్పుడల్లా మా ఇంట్లో అందరికీ అది గుర్తొచ్చేది. అందుకే నా మొగ్గు ఇటు.

మొగ్గిన చోట కన్నం ఉంది, దాచను. నపుంసకుడి విషయం దేహ స్థితి, మగవాళ్లు మగవాళ్లతో కలవడం క్రియ. రెంటినీ ఒక గాటన ఎలా కడతావని మా అయ్యగారు అడిగారు. పైగా అపొస్తలుల కార్యములు 15లో అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు, తలుపు తెరిచినప్పుడు కూడా "జారత్వము" (అక్రమ లైంగిక సంబంధం) విడిచిపెట్టాలనే షరతు మిగిల్చారు. నిజమే. ఇద్దరు మగవాళ్లు ముప్పై ఏళ్లు ఒకరికొకరు నమ్మకంగా ఉంటే అది జారత్వమా కాదా అన్నదే అసలు ముడి. ఇదే పద్ధతి పట్టుకుని 2001లో విలియం వెబ్ అనే పండితుడు బానిసలకూ స్త్రీలకూ తలుపు తెరుచుకుంటుందిగానీ దీనికి కాదని తేల్చాడు. మరోవైపు, 1996లో పాత అర్థాన్నే గట్టిగా సమర్థించిన రిచర్డ్ హేస్ 2024లో కొడుకుతో కలిసి తన మాట మార్చుకున్నాడు. తాను తప్పు చెప్పానని చెప్పుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

అయ్యగారికి నేను తిరిగి వేసిన ప్రశ్న వేరు. మొదటి తిమోతి 1:10లో "పురుషసంయోగులు" ఉంది. అదే పేజీలో కాస్త కింద, 2:9లో, స్త్రీలు జడలతోను బంగారంతోను అలంకరించుకోవద్దని ఉంది. మొన్న ఆయన చేసిన పెళ్లిలో పెళ్లికూతురి జడకే పూలూ, బంగారపు బిళ్లలూ నిండుగా ఉన్నాయి. "అది వేరు" అన్నారు. వేరే కావచ్చు. దేవుడు మనుషుల్ని స్త్రీ పురుషులుగా చేశాడని యేసు ఆదికాండాన్ని ఎత్తి చెప్పిన మత్తయి 19 విడాకుల ప్రశ్నకు జవాబు గదా, మరి విడాకులైనవాళ్లకు మళ్లీ పెళ్లి చేస్తున్నాం కదా అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "తమ్మీ, నువ్వు చదివేటట్టు అందరు చదివితే మా పని అయితది" అని నవ్వారు. కోపం లేదు. మాట మారనూ లేదు.

ఆయన అర్థాన్ని పట్టుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. గ్రీకు మాట కొంత వాళ్ల పక్షానే ఉంది. కాకపోతే మలకోయిని ఆడంగిగా చేసి, దాన్ని ఒక పిల్లగాని గొంతుకు తగిలించడం మాత్రం ఏ అర్థం లోపలా ఇమడదు.

ఆ పిల్లగాడు రెండు వారాలు రాలేదు, మూడో వారం తబలా తెచ్చుకుని వచ్చాడు. వచ్చే నెల ఆ అధ్యాయం మళ్లీ వస్తుంది. తొమ్మిదో వచనం వంతు నాకు పెట్టుకున్నా.