చేపల ముచ్చట్లు చెప్పే తమ్ముని దగ్గర రాడ్డు, రీలు కొనేటోళ్లు జర ఆగుండ్రి

కుడి చేతికి కట్టు ఉన్నది, ఎడమ చేతి బొటనవేలుతోని కొడుతున్న. తప్పులుంటే సర్దుకోండ్రి. ఆయన పేరు ఈడ రాయను. గాలం పట్టే మనోళ్లందరికీ ఎరుకే. దినాం పొద్దుగాల వీడియోల ఒక చేప ముచ్చట చెప్పి, పొద్దుమూకి అదే గొంతుతోని రాడ్లు, రీళ్లు అమ్మే తమ్ముడు. ఇగ అర్థమైనోళ్లకు అర్థమైంది.

6,800 రూపాయలు. రాడ్డు, రీలు, వంద మీటర్ల బ్రెయిడ్ లైను (అల్లిన గాలం దారం) కలిపి. మొత్తం ముందే ఫోన్‌పే కొట్టిన. బిల్లు అడగలే. పార్సిల్ ఆర్టీసీ కార్గోల వస్తే బస్టాండుకు పోయి తెచ్చుకున్న, ఇంటికొచ్చి పిల్లలకు సూపెట్టుకొని మురిసిన. డబ్బా ఇప్పేటప్పుడు వీడియో తియ్యలే. ఇయన్నీ నా తప్పులే, ముందుగాలనే ఒప్పుకుంటున్న, కింద ఎవ్వరూ మల్ల అడగకుండ్రి.

ఇంకో సిగ్గుమాలిన సంగతి చెప్పాలె. నాది దేవరకొండల మోటర్ వైండింగ్ షాపు. మోనోబ్లాక్ మోటర్లు దినాం ఇప్పుత, 6203, 6205 బేరింగులు చేతుల పట్టుకొని తిప్పితే సప్పుడు విని మంచిదో పాడుదో చెప్త. ఊరోళ్ల బేరింగులన్నీ చూసేటోన్ని, నా రీలుల ఏమున్నదో చూసుకోలే. ఎందుకు చూడలేదంటే, 'పక్క మూత ఇప్పితే వారంటీ పోతది అన్నా' అన్నడు. అసలు వారంటీ ఉంటే గదా పోవుడు.

ఎట్ల నమ్మిన అంటరా? ఆ ముచ్చట్లకు పడిపోయిన. చెప్పుడు మాత్రం మస్తు చెప్తడు, అది గూడ ఒప్పుకోవాలె. ఒకే చెర్వుల బొచ్చె, రవ్వ, మోసు కొట్లాడుకోకుండ ఎట్ల బతుకుతయంటే, బొచ్చె నోరు పైకి తెరుచుకొని ఉంటది గాబట్టి మీది మీదనే తింటది, రవ్వ నడుమ, మోసు అడుగున అని చెప్పిండు. చిన్నప్పటిసంది తింటున్న చేపలే, బొచ్చె నోరు ఎందుకట్ల పైకుంటదో ఒక్కనాడు ఆలోచన చెయ్యలే. బంగారుతీగ నోట్ల ఏలు పెడితే ఒక్క పన్ను తగలదు, పండ్లన్నీ గొంతుల ఉంటయి, నత్తలను ఆడ నూరుకుంటదన్నడు. నేను పోయి చేపల మార్కెట్ల చూసిన, నిజమే. జెల్లకు మీసాలే గాదు, పెయ్యంత రుచి తెలుస్తదట, అంటే ఒంటికంత నాలుక ఉన్నట్టు. చేప పక్కపొంటి తోకదాంక గీత ఉంటది సూడుండ్రి, దాంతోని నీళ్ల కదలిక పసిగడతది, అందుకే ఒడ్డు మీద దబదబ నడువొద్దన్నడు. ఆ దినంకెళ్లి నేను చెప్పులు ఇప్పి చేతుల పట్టుకొని నడుస్తున్న. నవ్వుకోండ్రి.

చేప గురించి ఇన్ని నిజాలు చెప్పెటోడు రీలు గురించి అబద్ధం ఎందుకు చెప్తడు అనుకున్న. గదే నన్ను ముంచింది.

అన్నిట్ల నాకు బాగ నచ్చింది కొర్రమీను ముచ్చట. 'చేపను నీళ్లల్ల ముంచి చంపొచ్చా?' అని అడిగి, చంపొచ్చు అన్నడు. కొర్రమట్టకు మొప్పలు ఉన్నా అవి సాలవు, తలకాయల గాలి పీల్చే అర ఉంటది, కొంచెంసేపటికోసారి పైకొచ్చి గుటుక్కున గాలి మింగాల్సిందే. వల కింద ఇరికి పైకి రాలేకపోతే నీళ్లల్లనే ఊపిరాడక సస్తది. తడి ఉంటే ఒడ్డు మీద మాత్రం మస్తుసేపు బతుకుతది. మన రాష్ట్ర చేప, మృగశిర నాడు దాని రేటు అడిగితేనే గుండె జల్లుమంటది, అయినా నాకు ఈ సంగతి అప్పటిదాంక తెల్వదు. ఆ వీడియో మా ఇంట్ల అందరికీ సూపెట్టిన. ఈ ముచ్చట యాదికి పెట్టుకోండ్రి, మల్ల వస్త దీని కాడికి.

మొన్న ఆయితారం డిండి ప్రాజెక్టుకు పోయిన. అలుగు దిక్కు మంది ఉంటరు గాబట్టి నేను ఎనుకకు, తూటి పొదలు నీళ్లల్లకు దిగిన కాడికి పోయిన. చేపల సొసైటీ తాత ఒకాయన పుట్టిల ఉంటడు, ఎప్పుడు పోయినా ఆయనను అడిగే ఏస్త. పట్టి ఇడిచిపెడుత తాతా అంటే నవ్వుతడు, 'ఇడిచిపెట్టేదానికి అంత దూరంకెళ్లి ఎందుకొచ్చినవ్ బిడ్డా' అంటడు. కొర్రమీను పిల్లలు ఎర్రగ గుంపుకట్టి తిరుగుతున్న కాడ మాత్రం ఏసుడు లేదని ఆయన మాట. కింద తల్లిదండ్రులు కావలి కాస్తుంటయి, వాటిని గుంజితే పిల్లల్ని తక్కిన చేపలు నిమిషంల ఖాళీ చేస్తయి.

ఎరకు రబ్బరు కప్ప కట్టి తూటి అంచుకు ఏసిన. మూడో ఏటుకే నీళ్లు పగిలినట్టయింది. కొర్రమీను కప్పను అందుకునే సప్పుడు ఇన్నోళ్లకే తెలుస్తది, గుండె గొంతులకొస్తది. ఒక్క క్షణం ఆగి రాడ్డు ఎత్తిన. పడ్డది. మంచి బరువు.

మూడు చుట్లు తిప్పిన్నో లేదో, రీలు లోపల కరకరమన్నది. నాలుగో చుట్టుకు హ్యాండిలు గాలిల తిరుగుతున్నది, దారం చుట్టుకుంట లేదు. చేప పొదలకు గుంజుతున్నది. డ్రాగు, అంటే చేప గుంజితే దారం ఇడిచే బ్రేకు, సడలిద్దామని ముందటి నాబ్ తిప్పితే అది ఊడి చేతులకొచ్చింది. రాడ్డు ఎత్తి పడదామంటే అతుకు కాడ ఫటుక్కున రెండు ముక్కలు. ఇగ ఏమైతే గాని అని లైను చేతికి చుట్టుకున్న. బుద్ధి ఉన్నోడు చేసే పని గాదు, బ్రెయిడ్ అరచేతిని బ్లేడు లెక్క కోసింది. అప్పుడు తెగింది లైను. కప్ప కాడ తెగినా బాగుండు. నా ముందల తెగింది. చేప నోట్ల కప్ప, ఎనుక ఇరవై మీటర్ల దారం, అట్లనే పొదలల్లకు పోయింది.

సాయంత్రం దాంక ఒడ్డు మీదనే కూసున్న. ఇంటికి పోబుద్ధి కాలే. పొద్దుమూకె వలలు ఎత్తనీకి తాత వచ్చిండు, చెప్పిన. పుట్టి ఏసుకొని పొదలల్లకు పోయి, దారం దొరకబట్టుకొని, మెల్లగ ఇప్పుకుంట ఇప్పుకుంట తీసిండు. మూడు కిలోలు ఉంటది. సచ్చింది. తూటి కాండాలకు దారం నాలుగు చుట్లు పడి, నీళ్లల్లనే కట్టేసినట్టయింది. 'మీనుకు పైకొచ్చే జాగ దొరకలే బిడ్డా, గాలి అందలే' అన్నడు తాత. కప్పను నోట్లకెళ్లి తీసి నా చేతుల పెట్టిండు. ఇడిచిపెడుత అని చెప్పుకొనేటోన్ని నేను. చేప ఇస్తుంటే వద్దన్న, ఆయననే తీసుకపొమ్మన్న.

వీడియోల చెప్పింది నిజమే మరి. ఆయన అమ్మిన దారంతోనే నాకు రుజువైంది.

రాత్రి షాపు తెరిచి రీలు బల్ల మీద పెట్టి ఇప్పిన. పైన రాసింది 13 బేరింగులు. లోపల ఉన్నయి మూడు. మిగతా కాడల్ల తెల్ల ప్లాస్టిక్ బుష్షులు. పెద్ద గేరు పోత పోసింది, పండ్లు సగం చెక్కుకపోయి పొడి రాలుతున్నది. డ్రాగుల కార్బన్ వాషర్లన్నడు గదా, ఒక ఫెల్టు ముక్క, ఒక సన్నని రేకు. రాడ్డు పూర తొంబై తొమ్మిది శాతం కార్బన్ అన్నడు. కార్బన్ అయితే విరిగిన కాడ లోపలిదాంక నల్లగ ఉండాలె. ఇది పైన నల్ల రంగు, లోపల తెల్లటి ఫైబర్ పీసులు, పగిలిన నీళ్ల ట్యాంకి లెక్క. తెల్లారి పక్క చికెన్ షాపు తమ్ముని ఏలాడే కాంటాకు లైను కట్టి గుంజి చూసినం. 40 పౌండ్ల లైను అంటే 18 కిలోలకు పైన ఆగాలె. 5 కిలోల 200 గ్రాముల కాడ టప్పున తెగింది. ముడి ఏస్తే బలం తగ్గుతది, నాకూ తెలుసు. సగం తగ్గినా తొమ్మిది ఉండాలె గదా?

ఇగ ఫోను సంగతి. పొద్దుగాల పది గంటలకు చేసిన. చెయ్యికి కట్టు ఉన్నదని స్పీకర్ పెట్టిన, అదే నేను చేసిన ఇంకో తప్పు. షాపుల ఇద్దరు రైతులు మోటరు కోసం కూసున్నరు.

కొనేదాంక 'అన్నా, ఎట్లున్నవే, డిండి నీళ్లు ఎట్లున్నయి' అన్నోడు, 'హలో, చెప్పండి సార్' అన్నడు. ఆ 'సార్' అన్నప్పుడే నాకు సమజైంది. సంగతంతా చెప్పిన. అంతా ఇని,

'నీళ్లు తగిలిన రీలుకు వాపస్ ఉండదు సార్' అన్నడు.

చేపలు పట్టే రీలు. దానికి నీళ్లు తగలొద్దట. మరి దుప్పటి మీద కూసోని పట్టాల్నా చేపలు? అదే అడిగిన. 'వాడుడు రానోళ్లకు ఎంత మంచి సామానిచ్చినా గంతే సార్, డ్రాగు సెట్ చేసుకోవాలె' అన్నడు. డ్రాగు నాబ్ చేతులకొచ్చింది తమ్మీ అన్న. బేరింగులు మూడే ఉన్నయి, నేను బేరింగుల పనే చేస్త, నాకు చెప్పకు అన్న. లోపలున్న సామాను ఫోటోలు పంపిన, చూసినవా అన్న. జరసేపు ఏం మాట్లాడలే. అప్పుడన్నడు, వీడియోలల్ల మాట్లాడినట్టే, నవ్వుకుంట:

'అన్నా, చేపకు రెప్పలుండవు, పండుకున్నా కండ్లు తెరిచే ఉంటది. నీకు రెప్పలున్నయని మూసుకొని కొంటే నేనేం జేత్త?'

పెట్టేసిండు.

మల్ల అన్నా అన్నడు సూడుండ్రి, అది అనేటప్పుడు మాత్రం అన్నా.

రైతులల్ల ఒకాయన పుసుక్కున నవ్విండు. ఆయన మీద నాకు కోపం లేదు, మాట అట్లున్నది. ఇంకొకరిని అంటే నేను గూడ నవ్వుదును. కాని చెయ్యికి కట్టుతోని, నా షాపుల, నా కుర్చీల కూసోని ఇన్న. రెండు దినాలాయె, మోటరు ఇప్పుతుంటే అదే చెవులల్ల తిరుగుతున్నది. నాకు నేర్పిన ముచ్చటనే నా మీదికి తిప్పిండు. నేను ఆ రెప్పల వీడియోకు పువ్వుల బొమ్మలు పెట్టిన, 'సూపర్ తమ్మీ, కొత్త సంగతి తెలిసింది' అని రాసిన. పోయి చూసిన, ఇంకా ఆడనే ఉన్నది నా మాట.

మల్ల చేస్తే రింగు పోతలే, బ్లాక్ చేసిండు. మా బామ్మర్ది నంబరుకెళ్లి చేసి, గొంతు ఇననీకి 'రీలు కావాలె' అన్నం. 'చెప్పన్నా, ఏ చెర్వు మీది?' అన్నడు. గంత ప్రేమగ.

వినియోగదారుల హెల్ప్‌లైను 1915 కు ఫోను చేసిన, బిల్లు ఉన్నదా అన్నరు. ఫోన్‌పే రసీదు, చాటింగు, ఫోటోలు పెట్టిన. చూద్దాం. 6,800 వస్తయన్న ఆశ పెద్దగ లేదు.

జాగ్రత్తలంటే ఏం చెప్పాలె, నాకే లేకపాయె. డబ్బా ఇప్పేటప్పుడు వీడియో తియ్యుండ్రి. రీలు మూత ఇప్పి బేరింగులు లెక్కపెట్టుండ్రి, ఇప్పొద్దు అన్నోని దగ్గర కొనకుండ్రి. లైనును చెర్వు కాడికి పోకముందే కాంటాకు కట్టి గుంజుండ్రి, చికెన్ షాపుల ఎవ్వరూ వద్దనరు. దేవరకొండ, కొండమల్లేపల్లి, డిండి దిక్కోళ్లు ఎవరన్న కొన్నది ఉంటే నా షాపుకు తీసుకరండ్రి, పైసలు లేకుండ ఇప్పి చూపెడుత.

ఇది రాస్తుంటనే మా బామ్మర్ది ఆయన కొత్త వీడియో పంపిండు. వాలుగ నోరు ఎంత పెద్దగ ఉంటదో చెప్పిండు, ఎప్పటిలెక్కనే మంచిగ చెప్పిండు, నేను పూర చూసిన. కింద రాసి ఉన్నది: 'కార్బన్ రాడ్డు, 13 బేరింగుల రీలు, పండుగ ఆఫర్ 5,999 మాత్రమే.'

నాకు 6,800.