పాత లెన్సుకు తోడైన ఎర్ర గీత

ఉద్యోగ విరమణ తరువాత మళ్లీ కెమెరా పట్టాలనుకునే నా వయసువారికి నికాన్ జెడ్‌ఎఫ్‌సీ అనే డిజిటల్ కెమెరా గురించి నేను ముఖ్యంగా చెప్పదలచినది, ఫోకస్ కుదిరిన చోటును రంగుతో చూపే ఫోకస్ పీకింగ్ సంగతే. మెగాపిక్సెళ్ల లెక్కలు దుకాణాలవాళ్లే చెబుతారు. బీరువాలో దశాబ్దాలుగా పడి ఉన్న 50 ఎంఎం మాన్యువల్ లెన్సును, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే అడాప్టర్‌తో దీనికి తగిలించి ఫోకస్ రింగు తిప్పుతూ ఉంటే, ఫోకస్ కుదిరిన అంచుల వెంట వ్యూఫైండర్‌లో ఎర్రటి గీత పాకుతుంది. ఫిల్ము రోజుల్లో ఫోకస్ కోసం వ్యూఫైండర్‌లో కనిపించే స్ప్లిట్ ఇమేజ్‌లోని రెండు ముక్కలను కలపగలిగిన చూపు ఇప్పుడు నాకు లేదు. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి ఆ ఎరుపు మాత్రం తేటగా తెలుస్తుంది. కోటిలింగాల రేవులో వల విసరబోతున్న జాలరి వేళ్ల మీదికి అది వచ్చి నిలిచినప్పుడు బటన్ నొక్కడంలోని సుఖం ఆటోఫోకస్‌లో నాకు దొరకలేదు.

ఇబ్బంది వచ్చినది అడాప్టర్‌తో. పాపికొండల లాంచీ ప్రయాణంలో మబ్బుగా ఉందని వెలుగు వచ్చే రంధ్రమైన ఎపర్చర్ బాగా తెరిచి, దూరపు కొండలే కదా అని రింగును అనంత దూరానికి ఫోకస్ చేసే ఇన్ఫినిటీ గుర్తు దాకా తిప్పి తీసిన ఫొటోలు, ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూస్తే అలికినట్లున్నాయి. లెన్సుకు ఫంగస్ పట్టిందేమోనని మరమ్మతు చేసే ఆయన దగ్గరికి వెళితే, టార్చి వెలుగులో తిప్పి చూసి లోపం దానిది కాదన్నారు. పాత నికాన్ లెన్సులు బిగించే ఎఫ్ మౌంటు నుంచి ఫిల్ముకు దూరం 46.5 మిల్లీమీటర్లు, ఈ కెమెరా జెడ్ మౌంటు నుంచి సెన్సారుకు 16. అంటే అడాప్టర్ మందం 30.5 ఉండాలి. ఇన్ఫినిటీ అందలేదన్న ఫిర్యాదు రాకుండా చవక రకాలను వెంట్రుకవాసి తక్కువగానే చేస్తుంటారట. అప్పుడు రింగు చివరికి వెళ్లేసరికి ఫోకస్ ఇన్ఫినిటీని దాటిపోతుంది. ఇప్పుడు కొండలకైనా ఎరుపు చూసే ఆగుతున్నాను.

అయితే ఆ ఎరుపునూ పూర్తిగా నమ్మలేము. ఏ కంపెనీ కెమెరాలోనైనా పీకింగ్ పట్టుకునేది అంచుల్లోని వెలుగునీడల తేడానే కనుక, ఎపర్చర్ బాగా తెరిచిన ఎఫ్ 1.8 దగ్గర మీసాలు ఎర్రగా మెరుస్తుండగా కనుపాప మసకబారడం మామూలే. ముఖాలకు దృశ్యాన్ని పెద్దది చేసి సరిచూసుకోవాలి. పరుగెత్తే మనవడు అంతసేపు ఆగడు. దీనిలోని, ఫిల్ము ఫ్రేము కంటే చిన్నదైన ఏపీఎస్‌-సీ సెన్సారుపై 50 ఎంఎం లెన్సు 75 ఎంఎం దానిలా ఇరుకుగా చూస్తుంది కాబట్టి చిన్న గదిలో గోడకు ఆనుకోవలసివస్తుంది కూడా.

ఇంట్లో పాత లెన్సు, చేతిలో తీరిక ఉన్నందువల్ల ఇది నాకు సరిపోయింది. లెన్సులు కూడా కొత్తగా కొనవలసివస్తే, నా పింఛనుతో ఇటు చూసేవాడిని కానేమో.