ఒంగోలు లాయర్‌పేట వీణ క్లాసు: పద్నాలుగు నెలల తర్వాత నా అభిప్రాయం

నాకు 44 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టర్‌ని. పాప హాస్టల్‌కి వెళ్లాక, చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న వీణ మొదలుపెట్టాను. డ్యూటీలు చేసుకుంటూ నేర్చుకోవాలనుకునే నాలాంటివాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఒక కోర్సుకి డబ్బు కట్టాను. మూడు నెలల్లో పది పాటలు వస్తాయన్నారు, రోజూ గంట సాధన చెయ్యాలన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి డిపోలో ఉండాల్సిన రోజు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? నాలుగు రోజులు తప్పిపోతే ఐదో రోజు వీణ ముట్టుకోవాలంటేనే టెన్షన్. రెండో నెలలోనే మానేశాను.

లాయర్‌పేట టీచరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఉగాదికల్లా ఒక త్యాగరాజ కృతి వాయించాలని ఉందని చెప్పాను. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. అది అర్ధవీడు దగ్గరున్న కాకర్ల ఊరి పేరేనని మా వైపు చెప్పుకుంటారు. అందుకే నాకా కోరిక. ఆవిడ కాదనలేదు. నా నోటుబుక్కు తీసుకుని చిట్టచివరి పేజీలో "త్యాగరాజ కృతి" అని రాశారు. తేదీ వెయ్యలేదు. "ఈసారి వచ్చేటప్పుడు నీ డ్యూటీ చార్టు పట్టుకురామ్మా. అది చూశాక పాఠం సంగతి మాట్లాడదాం" అన్నారు. ఆ మాటతోనే ఈ క్లాసు నాకు నచ్చేసింది.

అప్పటినుంచి వారానికి ఒకే లక్ష్యం. గంటల లెక్క ఉండదు. నా పుస్తకంలో మొదటి వారం పెన్సిల్‌తో ఇలా ఉంది: "మొదటి సరళి, మొదటి కాలం. తాళం తీగ మీద చిటికెన వేలు ఆగకూడదు. వరుసగా మూడుసార్లు." సరళి అంటే స్వరాలు వరుసగా వాయించే మొట్టమొదటి పాఠం, కాలం అంటే వేగం. పక్కన మూడు చిన్న గళ్లు. మూడోసారి తప్పితే మొదటి రెండు టిక్కులూ చెరిపెయ్యాలి. ఆ పేజీ చెరిపి చెరిపి పలచబడిపోయింది. కుడిచేతి వేళ్లు తీగ మీటుతుంటే చిటికెన వేలు పక్కనున్న తాళం తీగల్ని లెక్క ప్రకారం తాకాలి. నాది తాళంలో మూడో అక్షరం (లెక్క) దగ్గరే ఆగిపోయేది. మొత్తం సరళి బాగా రావాలని ఊరికే అనుకుని ఉంటే ఏది సరిచేసుకోవాలో నాకు తెలిసేది కాదు. ఆ ఒక్క వేలే ఆ వారం పని అన్నారు కాబట్టి తొమ్మిది రోజులకి దారికొచ్చింది.

నైట్ అవుట్ (రాత్రి బయటూళ్లో ఆగే డ్యూటీ) పడ్డ రోజులకి వేరే లక్ష్యం. కనిగిరి బస్సులో చీమకుర్తి దాటి టికెట్లు అయిపోయాక, తొడ మీద ఎనిమిది లెక్కల ఆది తాళం వేసుకుంటూ మనసులో స్వరాలు అనుకోవాలి. ఇంటికొచ్చి ఎంతసేపు కూర్చున్నా ఆ రోజుకి అంతే చాలు, బాకీ మర్నాటికి మోసుకెళ్లకూడదు. అది ఆవిడ పెట్టిన గట్టి నియమం. నన్ను ఇన్నాళ్లు నిలబెట్టింది ఇదేనని నా నమ్మకం.

మే నెలలో నా వీణని కిటికీ పక్కన పెట్టి డ్యూటీకి వెళ్లాను. మన ఎండల సంగతి తెలిసిందే. తీగల కింద మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి పైమెట్లు జరిగిపోయాయి. మళ్లీ మేళం కట్టించుకుని, అంటే మెట్లు సరైన చోట కూర్చోబెట్టించుకుని, తెచ్చుకునేసరికి మూడు వారాలైంది. ఏడుపొచ్చింది. టీచరమ్మ మాత్రం "వీణ లేకపోతే ఏం, గొంతుంది కదమ్మా" అని మూడు జంట వరుసల్ని (ప్రతి స్వరాన్నీ రెండేసి సార్లు పలికే పాఠాలు) రెండు కాలాల్లో నోటితో తాళం తప్పకుండా పాడటం లక్ష్యంగా రాశారు. వీణ తిరిగొచ్చాక వేళ్ల మీది కాయలు మెత్తబడి తీగ కోసుకుపోయింది గానీ, వరుసలు మాత్రం వెతుక్కోకుండా వచ్చేశాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒకే హాల్లో ఐదారు వీణలు మోగుతుంటే మన శ్రుతి మనకి వినపడదు. గంటలో పావుగంట శ్రుతి చెయ్యడానికే పోతుంది. పిల్లల పరీక్షలప్పుడు టైమింగ్స్ చివరి నిమిషంలో మారుస్తారు. మాలాంటి ఉద్యోగులకి అది నిజంగా కష్టం, ఆవిడకి కూడా చెప్పాను. మన వల్ల తప్పిన క్లాసు మళ్లీ చెప్పరు. వీణ మనమే కొనుక్కోవాలి. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఫీజు నెలకి 1,000, వారానికి రెండు క్లాసులు. ఆ శ్రద్ధకి ఇది తక్కువే.

పెళ్లిలో వాయించాలి, రెండు నెలల్లో ఒక సినిమా పాట రావాలి అనుకునేవాళ్లకి ఇక్కడ కుదరదు. నేను పద్నాలుగు నెలలకి ఏడు అలంకారాల్లో (కృతులకి చాలా ముందు వచ్చే తాళాల పాఠాలు) నాలుగోదాని దగ్గర ఉన్నాను. ఉగాది వచ్చి వెళ్లిపోయింది. చివరి పేజీ అలాగే ఉంది, వారానికోసారి తీసి చూసుకుంటాను.

చేరేవాళ్లు సాయంత్రం బ్యాచ్‌లో గోడ వైపు మూల అడగండి, అక్కడైతే మీ వీణ మీకు కాస్త వినపడుతుంది. మొదటి రోజే డ్యూటీ చార్టు జిరాక్స్ తీసుకెళ్లండి.