షిప్‌లో లియో శాటిలైట్ నెట్: వాడాక నా మాట

మాది గాజువాక, ఉద్యోగం మర్చంట్ నేవీలో. కొన్ని కాంట్రాక్టులుగా షిప్‌లో ఈ లియో, అంటే భూమికి తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్ల నెట్టే వాడుతున్నా. సెలవుకి ఇంటికొస్తే అందరూ ‘మన డాబా మీద కూడా పెట్టించుకోవచ్చా’ అని అడుగుతున్నారు, అందుకే ఇది.

స్పీడ్ బాగానే ఉంటుంది గానీ అసలు తేడా అది కాదు. షిప్‌లో అంతకుముందున్న శాటిలైట్ నెట్, అదే వీశాట్, అది వాడే శాటిలైట్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, మన మాట అక్కడికెళ్లి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి అర సెకను పైనే. అర సెకనే కదా అంటారు, ‘ఏట్రా, మాటాడవు’ అని అమ్మ అడిగేసరికి నా జవాబు దారిలో ఉండేది, ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, నువ్వు చెప్పు నువ్వు చెప్పు అనుకునేలోపే కాలింగ్ కార్డులో నిమిషాలు హుష్. ఇప్పుడు మేం వాడేవి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. హిందూ మహాసముద్రం మధ్యలోంచి మా ఆవిడతో పోట్లాడినా పక్కగదిలోంచి పోట్లాడినట్టే ఉంటుంది.

పాత వీశాట్‌కి గుండ్రటి డోమ్‌లో ఉండే యాంటెన్నా ఓడ ఊగినప్పుడల్లా మోటార్లతో తిరిగేది, అవి పాడైతే గోల. ఈ డిష్ కదలదు. ఒక్కో శాటిలైట్ కొన్ని నిమిషాలే అందుతుంది, అది దాటిపోగానే తనే ఇంకోదాన్ని పట్టుకుంటుంది. కాకపోతే చుట్టూ ఆకాశం తెరిపిగా ఉండాలి. మా డిష్ చిమ్నీకి మరీ దగ్గర, ఓడ కొన్ని దిక్కులకు తిరిగిందంటే కాల్ మాటిమాటికీ బిగుసుకుపోయేది. కుండపోత వానలోనూ అంతే. మసి, ఉప్పు పేరుకుంటే గుడ్డతో తుడవాలి.

కంపెనీ క్రూకి ఇచ్చే డేటా మాత్రం మరీ పిసినారితనం. పైగా నెట్ ఉంది కదా అని ఆఫీసువాళ్లు అర్ధరాత్రి కూడా ‘ఆ పంపు ఫోటో పంపండి’ అంటారు!

ఒళ్లు మండేది మాత్రం వైజాగ్ యాంకరేజ్‌లోనే, అంటే ఓడలు లంగరేసుకుని ఆగే చోట. మన జలాల్లో అనుమతి లేక ఆఫ్ చేసేవారు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా కనిపిస్తుంటుంది, మనం మాత్రం ఫోన్ పైకెత్తి మొబైల్ సిగ్నల్ కోసం డెక్ అంతా తిరగాలి.

ఇక డాబా సంగతి. ఇలాంటి నెట్ ఇచ్చే కంపెనీల్లో వన్‌వెబ్ శాటిలైట్లు 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో విడతకు 36 చొప్పున మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి, ఇంకో కంపెనీ స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్సు కూడా వచ్చింది. అయితే లైసెన్సొక్కటే చాలదు, స్పెక్ట్రమ్ (సిగ్నల్‌కి వాడే రేడియో తరంగాల కేటాయింపు), సెక్యూరిటీ అనుమతులు కూడా కావాలి. ఎలాగూ ఇంటికి ఫైబర్ ఉంటే దీని జోలికి పోవద్దు, నా ఓటు ఫైబర్‌కే. పాడేరు పైన కొండల్లో ఊళ్లకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఫోన్లు మూగబోయినట్టు మళ్లీ అయితే, జనరేటర్ ఉన్న ఆసుపత్రిలో ఒక్క డిష్ ఉన్నా చాలా పని జరుగుతుంది, గాలికి ఎగిరిపోకుండా గట్టిగా బిగించి ఉంటే.